ఒకే రియాక్టర్, మూడు గ్యాసులు: హెచ్‌ఎఫ్‌ఓల ఉమ్మడి ఉత్పత్తిలో అసలు లెక్క

ఫ్రిజ్ గోడల మధ్య నింపే ఫోమ్, ఆస్పత్రికో మాల్‌కో చల్లనీళ్లు పంపే పెద్ద చిల్లర్, ఉబ్బసం రోగి జేబులో ఉండే ఇన్‌హేలర్. పైకి ఏ సంబంధమూ కనిపించని ఈ మూడింటికీ కావలసిన కొత్త తరం ఫ్లోరిన్ గ్యాసులు ఒకే ముడిసరుకు నుంచి పుడతాయి. రియాక్టర్‌లోకి రెండు పదార్థాలు పంపితే అవతలి వైపు నుంచి మూడు నాలుగు పనికొచ్చే ఉత్పత్తులు, వాటితోపాటు బోలెడంత ఆమ్లం బయటికొస్తాయి. వాటిలో ఒక్కదాన్నే ఉంచుకుని మిగతావి పారేయడం కన్నా అన్నింటినీ సరుకుగా మార్చుకోవడం లాభం. రసాయన పరిశ్రమలో దీన్నే కో-ప్రొడక్షన్ అంటున్నారు. తెలుగులో ఉమ్మడి ఉత్పత్తి అనుకోవచ్చు.

ఈ గ్యాసుల కుటుంబం పేరు హెచ్‌ఎఫ్‌ఓలు, అంటే హైడ్రోఫ్లోరోఒలెఫిన్లు. పాత కార్ల ఏసీల్లో వాడే ఆర్-134ఎ ఒక కిలో గాలిలో కలిస్తే, వందేళ్ల లెక్కలో దాదాపు 1,300 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా భూమిని వేడెక్కిస్తుంది. ఫోమ్ తయారీలో వాడే 245ఎఫ్‌ఏకి ఆ విలువ 858. వాటి స్థానంలోకి వస్తున్న 1233జెడ్‌డీ, 1234జెడ్‌ఈ, 1234వైఎఫ్‌లకు ఒకటి, లేదా అంతకన్నా తక్కువ. తేడా అంతా అణువులో ఉన్న ఒక జంట బంధంలో ఉంది. రెండు కార్బన్ల మధ్య ఆ జంట బంధం ఉంటే గాలిలోని హైడ్రాక్సిల్ రాడికల్స్ దాన్ని సులువుగా పట్టుకుని విరగ్గొట్టేస్తాయి. 134ఎ గాలిలో పద్నాలుగేళ్ల దాకా బతుకుతుంది. హెచ్‌ఎఫ్‌ఓలు కొద్ది రోజుల్లో, మహా అయితే కొద్ది వారాల్లో పోతాయి.

అయితే ఆ ఒకటి అనే అంకె సిలిండర్‌లోకి చేరిన గ్యాసుకు సంబంధించింది. సిలిండర్ నిండేలోపు ఫ్యాక్టరీలో ఏమేం పుట్టాయి, వాటిలో ఎన్ని పట్టుకున్నారు, ఎన్ని కాల్చారు, ఎన్ని గాలిలోకి జారిపోయాయి అన్న సంగతి అది చెప్పదు. ఫ్లోరిన్ పరిశ్రమలో భూమికి జరిగిన పెద్ద నష్టాల్లో కొన్ని అమ్మిన సరుకు వల్ల కాక, అమ్ముడుపోని పక్క ఉత్పత్తి వల్ల జరిగాయి. అందుకే ఉమ్మడి ఉత్పత్తిని ఖర్చు తగ్గించే ఉపాయంగా మాత్రమే చూస్తే సగం విషయమే కనిపిస్తుంది.

ఐదు క్లోరిన్లు, ఐదు మెట్లు

కథ 240ఎఫ్‌ఏ అనే ద్రవంతో మొదలవుతుంది. మూడు కార్బన్ల గొలుసు మీద ఐదు క్లోరిన్లు ఉండే పదార్థం అది. కార్బన్ టెట్రాక్లోరైడ్‌ను, పీవీసీ పైపులకు మూలమైన వినైల్ క్లోరైడ్‌తో రాగి లేదా ఇనుము ఉత్ప్రేరకం సమక్షంలో కలిపితే వస్తుంది. దీన్ని హైడ్రోజన్ ఫ్లోరైడ్‌తో చర్య జరిపితే ఒక్కో క్లోరిన్ ఊడిపోతూ దాని చోట ఫ్లోరిన్ వచ్చి చేరుతుంది. ఊడిన ప్రతి క్లోరిన్ ఒక హైడ్రోజన్‌ను పట్టుకుని హైడ్రోజన్ క్లోరైడ్‌గా బయటికి వెళ్తుంది.

ఈ ప్రయాణంలో ఎక్కడ ఆగితే అక్కడ ఒక సరుకు ఉంది. మూడు ఫ్లోరిన్లు ఎక్కి, ఒక క్లోరిన్ మిగిలి, జంట బంధం ఏర్పడిన దశలో ఆగితే 1233జెడ్‌డీ. ఫోమ్‌కూ, తక్కువ పీడనంతో నడిచే పెద్ద చిల్లర్లకూ వాడతారు. ఇంకా ముందుకు వెళ్లి ఐదు ఫ్లోరిన్లూ ఎక్కించి, జంట బంధం లేకుండా నింపేస్తే 245ఎఫ్‌ఏ. ఆ 245ఎఫ్‌ఏ నుంచి ఒక హైడ్రోజన్ ఫ్లోరైడ్‌ను వెనక్కి లాగేస్తే 1234జెడ్‌ఈ. మధ్యలో 244ఎఫ్‌ఏ అనే మజిలీ కూడా ఉంది. దాని నుంచి హైడ్రోజన్ క్లోరైడ్ తీసేసినా 1234జెడ్‌ఈయే వస్తుంది. ఈ మెట్లన్నీ రెండు వైపులా నడిచేవే. ఉష్ణోగ్రత పెంచితే ఒకవైపు, హైడ్రోజన్ ఫ్లోరైడ్ మోతాదు పెంచితే మరోవైపు మొగ్గుతాయి.

కాబట్టి క్రోమియం ఆక్సైడ్ నింపిన వేడి గొట్టాల్లోకి 240ఎఫ్‌ఏనూ, అవసరానికి మించి హైడ్రోజన్ ఫ్లోరైడ్‌నూ ఆవిరిగా పంపితే అవతలి నుంచి ఒక్క గ్యాసు రాదు, ఒక మిశ్రమం వస్తుంది. వెన్న తీస్తే మజ్జిగ మిగలక తప్పనట్టు, 1233జెడ్‌డీ చేస్తే పక్కన 245ఎఫ్‌ఏ, 1234జెడ్‌ఈ కొంతైనా పుట్టక తప్పదు. వాటిని మలినాలు అనుకుని ఖర్చుపెట్టి కాల్చేయవచ్చు, సరుకుగా అనుకుని అమ్మనూ వచ్చు. ఉమ్మడి ఉత్పత్తి రెండో దారి.

ఆచరణలో ఎక్కువగా కనిపించే అమరిక రెండు రియాక్టర్లది. మొదటిదానిలో 1233జెడ్‌డీ ప్రధానంగా వచ్చేలా నడుపుతారు. అందులో కొంత సరుకుగా తీసుకుని, మిగతాది రెండో రియాక్టర్‌కు పంపి 245ఎఫ్‌ఏ, 1234జెడ్‌ఈ వైపు నడిపిస్తారు. మార్కెట్‌లో ఫోమ్ గిరాకీ పెరిగితే మొదటి దగ్గర ఎక్కువ తీసుకోవచ్చు, చిల్లర్లకూ ఏరోసాల్‌లకూ గిరాకీ పెరిగితే రెండో దానికి ఎక్కువ పంపొచ్చు. ఎంత ఎక్కడ ఆపాలన్నది వాల్వు తిప్పి తేల్చుకోగలగడమే ఈ అమరిక బలం. మూడు సరుకులకు మూడు ఫ్యాక్టరీలు కట్టి, ఒకటి సగం సామర్థ్యంతో, ఇంకొకటి ఓవర్‌టైమ్‌తో నడిపే బాధ తప్పుతుంది. అన్నింటికీ కలిపి ఒకే హైడ్రోజన్ ఫ్లోరైడ్ నిల్వ చాలు. భద్రత కోణంలో ఇది చిన్న విషయం కాదు. 2012 సెప్టెంబరులో దక్షిణ కొరియాలోని గుమిలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ లీకై ఐదుగురు చనిపోయారు, చుట్టుపక్కల పొలాల్లో పైరు మాడిపోయింది. అలాంటి పదార్థాన్ని మూడు చోట్ల నిల్వ ఉంచడం కన్నా ఒక్కచోట గట్టి కాపలాలో ఉంచడం మేలు.

విడదీయడమే అసలు కష్టం

రియాక్టర్ బొమ్మ గీయడం సులువు. ఈ ఫ్యాక్టరీల్లో స్థలాన్నీ, కరెంటునూ, ఇంజినీర్ల నిద్రనూ ఎక్కువగా తినేది దాని తర్వాత వచ్చే డిస్టిలేషన్ టవర్ల, అంటే మరిగించి విడదీసే గోపురాల వరుస. కారణం మరిగే ఉష్ణోగ్రతల్లో ఉంది. 245ఎఫ్‌ఏ సుమారు 15 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. ట్రాన్స్ రూపంలోని 1233జెడ్‌డీ 18 డిగ్రీలు దాటాక. చర్యలో పాల్గొనకుండా మిగిలిపోయిన హైడ్రోజన్ ఫ్లోరైడ్ 19.5 డిగ్రీలకు. మూడూ ఐదు డిగ్రీల లోపే ఉన్నాయి. అది చాలనట్టు హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఈ గ్యాసులతో అజియోట్రోప్‌లు కడుతుంది. అంటే రెండూ కలిసి ఒకే ద్రవంలా, ఒకే నిష్పత్తిలో మరుగుతాయి. మామూలుగా మరిగించి విడదీద్దామంటే కుదరదు.

అందుకే వేరే దారులు వెతికారు. ముందుగా, సున్నాకు 85 డిగ్రీల దిగువన మరిగే హైడ్రోజన్ క్లోరైడ్‌ను పీడనంలో పైనుంచి తీసేస్తారు. మిగిలిన మిశ్రమాన్ని బాగా చల్లబరిస్తే అది నూనె, నీళ్లలాగే రెండు పొరలుగా విడిపోతుంది. ఒక పొరలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఎక్కువ, రెండో పొరలో ఆర్గానిక్ గ్యాసులు ఎక్కువ. మొదటి పొర తిరిగి రియాక్టర్‌కు వెళ్తుంది. రెండో పొరలో ఇంకా మిగిలిన హైడ్రోజన్ ఫ్లోరైడ్‌ను సల్ఫ్యూరిక్ ఆమ్లంలోకి పీల్చుకుని, దాన్ని మళ్లీ వేడిచేసి వెనక్కి తీసుకుంటారు. చిట్టచివర మిగిలే జాడలను నీటితో, కాస్టిక్ ద్రావణంతో కడుగుతారు. ఇక్కడా ఒక మెలిక ఉంది. కాస్టిక్ ఘాటు ఎక్కువైతే 1233జెడ్‌డీ నుంచి హైడ్రోజన్ క్లోరైడ్‌ను లాగేసి ట్రైఫ్లోరోప్రొపైన్ అనే ప్రమాదకరమైన గ్యాసును పుట్టిస్తుంది. శుభ్రం చేయబోయిన చోటే కొత్త మలినం పుట్టకుండా కాస్టిక్ గాఢతనూ, కడిగే సమయాన్నీ చాలా జాగ్రత్తగా చూసుకోవాలి.

ఆ తర్వాత సిస్, ట్రాన్స్ గొడవ. అణువు ఒకటే అయినా జంట బంధానికి అటూ ఇటూ ఉన్న గుంపుల అమరిక మారితే గుణాలు మారిపోతాయి. ట్రాన్స్ 1234జెడ్‌ఈ సున్నాకు 19 డిగ్రీల దిగువన మరుగుతుంది, సిస్ రూపం సున్నాకు ఎగువన తొమ్మిది పది డిగ్రీల దగ్గర. మార్కెట్‌కు ఎక్కువగా కావలసింది ట్రాన్స్. సిస్‌ను వెనక్కి పంపితే హైడ్రోజన్ ఫ్లోరైడ్‌ను తిరిగి పట్టుకుని 245ఎఫ్‌ఏ అవుతుంది, దాని నుంచి మళ్లీ ట్రాన్స్ తీయొచ్చు. విడి ఫ్యాక్టరీలో వ్యర్థమయ్యే సిస్, ఉమ్మడి ఫ్యాక్టరీలో ముడిసరుకు అవుతుంది. ఈ రీసైకిల్ పైపు లేకపోతే ఉమ్మడి ఉత్పత్తి లాభాల్లో సగం పోయినట్టే.

ఈ బలమే బలహీనత కూడా. అన్నీ ఒకదానికొకటి కట్టేసి ఉన్నప్పుడు ఒక టవర్ ఆగితే అన్ని సరుకులూ ఆగుతాయి. జంట బంధం ఉన్న పదార్థాలు వేడి ఉత్ప్రేరకం మీద మసిలా పేరుకుంటాయి. కొన్నాళ్లకోసారి రియాక్టర్ ఆపి గాలితో ఆ మసిని కాల్చాలి. ద్రవ దశలో ఉత్ప్రేరకంగా వాడే యాంటిమొనీ పెంటాక్లోరైడ్, హైడ్రోజన్ ఫ్లోరైడ్‌తో కలిస్తే ఖరీదైన నికెల్ మిశ్రమ లోహాలను కూడా తినేస్తుంది. అందుకే అలాంటి రియాక్టర్లకు లోపల ఫ్లోరోపాలిమర్ పూత వేస్తారు. ఈ రంగంలోకి ఎవరు పడితే వారు దిగలేకపోవడానికి పేటెంట్లు ఎంత కారణమో ఈ లోహాల బిల్లు కూడా అంతే కారణం.

క్లోరిన్ తిరిగే దారి

ఉమ్మడి ఉత్పత్తి గురించి మాట్లాడేటప్పుడు ఫ్లోరిన్ గురించే చెప్తారు. నిజానికి బరువులో పెద్ద వాటా క్లోరిన్‌ది. ఒక టన్ను 1233జెడ్‌డీ చేయాలంటే సిద్ధాంత లెక్క ప్రకారమే సుమారు 1.66 టన్నుల 240ఎఫ్‌ఏ, 0.46 టన్నుల హైడ్రోజన్ ఫ్లోరైడ్ కావాలి. పక్కన 1.12 టన్నుల హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది. 1234జెడ్‌ఈ దాకా వెళ్తే టన్నుకు 1.6 టన్నులు. అంటే ఈ ఫ్యాక్టరీ తాను తయారుచేసే గ్యాసు కన్నా ఎక్కువ బరువు ఆమ్లాన్ని తయారుచేస్తుంది. ఆ ఆమ్లానికి దారి దొరక్కపోతే గ్యాసు తయారీయే ఆగిపోతుంది.

దాన్ని నీటిలో కలిపి చవకగా అమ్మేయడం ఒక దారి. దానికన్నా మంచి దారి ఇంకొకటుంది. మిథనాల్‌కు హైడ్రోజన్ క్లోరైడ్ కలిపితే మిథైల్ క్లోరైడ్ వస్తుంది. దానికి వరుసగా క్లోరిన్ ఎక్కిస్తే మిథిలీన్ క్లోరైడ్, క్లోరోఫామ్, కార్బన్ టెట్రాక్లోరైడ్ మూడూ ఒకే యూనిట్‌లో వస్తాయి. ఇది కూడా ఉమ్మడి ఉత్పత్తే, చాలా పాతది. మన ఇళ్లలోని ఏసీల చరిత్ర చాలావరకు ఈ మూడింటి నుంచే వచ్చింది. మిథిలీన్ క్లోరైడ్‌కు ఫ్లోరిన్ ఎక్కిస్తే ఆర్-32, ఈరోజు భారతదేశంలో అమ్ముడయ్యే స్ప్లిట్ ఏసీల్లో ఎక్కువగా ఉండే గ్యాసు. క్లోరోఫామ్‌కు ఎక్కిస్తే ఆర్-22, పాత ఏసీల గ్యాసు. కార్బన్ టెట్రాక్లోరైడ్ నుంచి ఒకప్పుడు ఓజోన్ పొరను దెబ్బతీసిన సీఎఫ్‌సీ గ్యాసులు, ఇప్పుడు 240ఎఫ్‌ఏ మీదుగా హెచ్‌ఎఫ్‌ఓలు.

ఇక్కడ చక్రం పూర్తవుతుంది. హెచ్‌ఎఫ్‌ఓ యూనిట్ వదిలిన హైడ్రోజన్ క్లోరైడ్ పక్కనే ఉన్న క్లోరోమీథేన్ యూనిట్‌కు వెళ్తుంది. అక్కడ పుట్టిన కార్బన్ టెట్రాక్లోరైడ్ తిరిగి హెచ్‌ఎఫ్‌ఓ యూనిట్‌కు వస్తుంది. ఓజోన్ పొరను దెబ్బతీసే పదార్థంగా మాంట్రియల్ ఒప్పందం కట్టడి చేసిన కార్బన్ టెట్రాక్లోరైడ్‌కు సీఎఫ్‌సీలు పోయాక గిరాకీ తగ్గింది. క్లోరోఫామ్ చేసేవాళ్లకు అదొక తప్పని తలనొప్పిగా మిగిలింది. కాల్చడానికి ఖర్చు, దాచడానికి స్థలం లేదు. హెచ్‌ఎఫ్‌ఓలు వచ్చాక అదే విలువైన ముడిసరుకు అయింది. ఈ మలుపు రసాయన పరిశ్రమలో వచ్చిన నిజమైన మంచి మార్పుల్లో ఒకటి. అయితే ఒక షరతు ఉంది. హైడ్రోజన్ క్లోరైడ్‌లో హైడ్రోజన్ ఫ్లోరైడ్ జాడ పదిలక్షల భాగాల్లో కొద్ది భాగాలు మిగిలినా, పక్క యూనిట్ గాజు పూత పరికరాలు దెబ్బతింటాయి. అందుకే పైన చెప్పిన ఆ విడదీసే వరుస అంత బాగా పనిచేయాలి.

రుద్రారం గుర్తుచేసే పాఠం

అమ్ముడుపోని పక్క ఉత్పత్తి ఏం చేయగలదో తెలుసుకోవడానికి దూరం వెళ్లక్కర్లేదు. సంగారెడ్డి జిల్లా రుద్రారంలో హిందుస్థాన్ ఫ్లోరోకార్బన్స్ అనే ప్రభుత్వ రంగ సంస్థ 1980ల నుంచి ఆర్-22 తయారుచేసి, దాని నుంచి నాన్‌స్టిక్ పెనాల పూతకు వాడే పీటీఎఫ్‌ఈ తయారీకి దిగింది. దాన్ని మూసేయాలని కేంద్రం 2020లో నిర్ణయించింది. ఆర్-22 ఎక్కడ చేసినా ఒక పక్క ఉత్పత్తి తప్పదు. క్లోరోఫామ్‌కు రెండు ఫ్లోరిన్లు ఎక్కించబోతే కొన్ని అణువులకు మూడు ఎక్కేస్తాయి. అదే హెచ్‌ఎఫ్‌సీ-23. ఆర్-22 బరువులో ఇది సుమారు 1.5 నుంచి 4 శాతం. కానీ దాని వేడెక్కించే శక్తి కార్బన్ డయాక్సైడ్‌కు 12,400 రెట్లు. 3 శాతం లెక్కన టన్ను ఆర్-22కి 370 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానమైన భారం ఫ్యాక్టరీ గొట్టంలోంచే పోతుందన్నమాట. దానికి కొనేవాళ్లు పెద్దగా లేరు కాబట్టి చాలాచోట్ల చాలాకాలం అలాగే వదిలేశారు.

ఆ తర్వాత జరిగింది ఇంకా ఆలోచించాల్సిన విషయం. క్యోటో ఒప్పందం కింద హెచ్‌ఎఫ్‌సీ-23ని కాల్చినందుకు కార్బన్ క్రెడిట్లు ఇచ్చారు. కాల్చే ఖర్చు చాలా తక్కువ, క్రెడిట్ల విలువ చాలా ఎక్కువ. కొన్ని ఫ్యాక్టరీలకు అసలు సరుకు కన్నా వ్యర్థాన్ని కాల్చడంలోనే రాబడి కనిపించింది. 2013 నుంచి యూరప్ ఆ క్రెడిట్లను ఒప్పుకోవడం మానేసింది. 2016 అక్టోబరులో రువాండా రాజధాని కిగాలీలో ఇలాంటి గ్యాసులను తగ్గించే మాంట్రియల్ ఒప్పంద సవరణ మీద చర్చలు జరుగుతుండగానే భారత ప్రభుత్వం దేశంలోని ఆర్-22 తయారీదారులు హెచ్‌ఎఫ్‌సీ-23ని సొంత ఖర్చుతో కాల్చాలని ఆదేశించింది. ఆ ఆదేశం వర్తించిన ఐదు కంపెనీల్లో రుద్రారం సంస్థ ఒకటి. డబ్బు ఇచ్చి బతిమాలడం కన్నా బాధ్యతగా చేయమని చెప్పడం సరైన పని. ఆ విషయంలో భారత్ తీసుకున్న నిర్ణయం గర్వించదగ్గది.

అయినా ప్రపంచ లెక్క కుదరలేదు. 2020లో వచ్చిన ఒక అధ్యయనం గాలిని నేరుగా కొలిచి చూసింది. 2018లో దాదాపు 15,900 టన్నుల హెచ్‌ఎఫ్‌సీ-23 గాలిలో కలిసిందని, అప్పటిదాకా ఏ ఏడాదీ అంత లేదని తేలింది. కాగితాల మీద తగ్గింపు చూపించిన తర్వాత వచ్చిన అంకె ఇది. ఫ్యాక్టరీ ఇచ్చే నివేదికకూ, గాలిలో కనిపించే నిజానికీ మధ్య ఎంత దూరం ఉండగలదో ఇంతకన్నా బలమైన రుజువు అక్కర్లేదు.

హెచ్‌ఎఫ్‌ఓ ఫ్యాక్టరీలకు ఇదే లెక్క వేస్తే

240ఎఫ్‌ఏ దారిలో హెచ్‌ఎఫ్‌సీ-23 అంతటి భయంకరమైన పక్క ఉత్పత్తి లేదు. ఇక్కడ జాగ్రత్తగా చూడాల్సింది ముడిసరుకునే. టన్ను 1233జెడ్‌డీకి సుమారు 1.18 టన్నుల కార్బన్ టెట్రాక్లోరైడ్ కావాలి. దాని వేడెక్కించే విలువ సుమారు 1,700, పైగా ఓజోన్‌కు శత్రువు. ట్యాంకర్లు నింపేటప్పుడు, పంపుల సీళ్ల దగ్గర, మరమ్మతులప్పుడు అందులో ఒక్క శాతం గాలిలో కలిసిందనుకుందాం. 12 కిలోలకు కాస్త తక్కువ. అంటే సుమారు 20 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఆ టన్ను సరుకు మొత్తం గాలిలో కలిసినా పడే భారం ఒక టన్ను మాత్రమే. అంటే ఒక్క శాతం లీకు ఉన్నా, సరుకు భారం కన్నా ముడిసరుకు భారం ఇరవై రెట్లు అవుతుంది.

ఈ లెక్క చూసి హెచ్‌ఎఫ్‌ఓలు మోసం అనుకోవడం తప్పు. 20 టన్నులు కలిపినా, అదే పని చేసే 245ఎఫ్‌ఏ టన్ను గాలిలో కలిస్తే పడే 858 టన్నులతో పోలిస్తే ఎంతో మేలు. లెక్క చెప్పేది వేరు. సరుకు భారం దాదాపు సున్నాకు దిగినప్పుడు మిగిలిన భారమంతా ఫ్యాక్టరీదే అవుతుంది. అప్పుడు పైపు జాయింట్లు, ట్యాంకర్ గొట్టాలు, లీకు పరీక్షలు పర్యావరణ విధానంలో ముఖ్య విషయాలు అవుతాయి. కార్బన్ టెట్రాక్లోరైడ్‌ను లారీల్లో వందల కిలోమీటర్లు తిప్పకుండా, పుట్టిన ఆవరణలోనే వాడేసే ఉమ్మడి కాంప్లెక్స్‌కు ఇక్కడ స్పష్టమైన మొగ్గు ఉంది. ప్రపంచవ్యాప్తంగా ఇంకా ఏటా పదుల వేల టన్నుల కార్బన్ టెట్రాక్లోరైడ్ గాలిలోకి వెళ్తోందని కొలతలు చెబుతున్నాయి. ముడిసరుకుగా వాడితే మాంట్రియల్ ఒప్పందం కట్టడి వర్తించదు. సీఎఫ్‌సీల కాలంలో ఆ మినహాయింపు సబబే. హెచ్‌ఎఫ్‌ఓల కోసం ముడిసరుకు వాడకం పెరుగుతున్న ఈ కాలంలో అదే మినహాయింపును ప్రశ్నించకుండా వదిలేయడం సరికాదు.

245ఎఫ్‌ఏ విషయంలోనూ ఇలాంటి చిక్కే ఉంది. కిగాలీ సవరణ తగ్గించమన్న హెచ్‌ఎఫ్‌సీల, అంటే భూమిని బాగా వేడెక్కించే పాత తరం ఫ్లోరిన్ గ్యాసుల జాబితాలో అది ఉంది. సిలిండర్‌లో నింపి అమ్మితే దేశం కోటాలో లెక్కకొస్తుంది. అదే 245ఎఫ్‌ఏని ఫ్యాక్టరీ దాటకుండా 1234జెడ్‌ఈగా మార్చేస్తే ముడిసరుకు కింద పోతుంది, కోటా తగలదు. కాబట్టి కోటాలు బిగుసుకునే కొద్దీ ఉమ్మడి ఫ్యాక్టరీ యజమాని సహజంగానే 245ఎఫ్‌ఏని బయటికి అమ్మడం తగ్గించి లోపలే 1234జెడ్‌ఈ వైపు తిప్పుతాడు. ఒక్కో సరుకుకు ఒక్కో ఫ్యాక్టరీ ఉంటే 245ఎఫ్‌ఏ యూనిట్ మూతపడాల్సి వచ్చేది, దాని మీద బతికే కార్మికులు రోడ్డున పడేవారు. కిగాలీ తగ్గింపును తట్టుకునే వెసులుబాటు ఉమ్మడి అమరికకు ఉంది. ఆ మార్పును నిజంగా చేశారా, కాగితం మీద చూపించారా అన్నది తేలాలంటే ఆవరణలోకి వచ్చిన ప్రతి టన్నుకూ, వెళ్లిన ప్రతి టన్నుకూ లెక్క ఉండాలి.

1234వైఎఫ్ వేరే కొమ్మ

కొత్త కార్ల ఏసీల్లో ఉండే 1234వైఎఫ్ ఈ గొలుసులోది కాదు, పక్క కొమ్మది. యూరప్ 2006లో చేసిన చట్టం ప్రకారం 2017 నుంచి అక్కడ అమ్మే కొత్త కార్లన్నింట్లో వేడెక్కించే విలువ 150 లోపు ఉన్న గ్యాసే ఉండాలి. దాంతో 1234వైఎఫ్ గిరాకీ ఒక్కసారిగా పెరిగింది. దీనికి టెట్రాక్లోరోప్రొపీన్ నుంచి 1233ఎక్స్‌ఎఫ్, దాని నుంచి 244బీబీ, చివరికి 1234వైఎఫ్ అనే దారి ఎక్కువగా వాడుతున్నారు. ఇక్కడా మధ్య మజిలీలు రెండూ దాదాపు ఒకే ఉష్ణోగ్రతలో మరుగుతాయి. ఇక్కడా మొదట కార్బన్ టెట్రాక్లోరైడే, కాకపోతే వినైల్ క్లోరైడ్ బదులు ఇథిలీన్‌తో కలుస్తుంది. అందుకే రెండు కొమ్మల ముడిసరుకులనూ కలిపి ఒకే ఫ్లోరినేషన్ రియాక్టర్‌లోకి పంపే పద్ధతులకు కంపెనీలు పేటెంట్లు తీసుకున్నాయి.

కొమ్మ ఏదన్నది పర్యావరణానికి పట్టింపు లేని విషయం కాదు. 1234వైఎఫ్ గాలిలో విరిగాక దాదాపు అంతా ట్రైఫ్లోరోఅసిటిక్ ఆమ్లంగా, అంటే టీఎఫ్‌ఏగా మారుతుంది. రెండింటి అణుభారం ఒకటే కావడంతో టన్ను గ్యాసుకు టన్ను టీఎఫ్‌ఏ. వానతో నేలకు దిగి, నీటిలో కలిసి, విరగకుండా ఉండిపోతుంది. 1233జెడ్‌డీ, 1234జెడ్‌ఈల నుంచి టీఎఫ్‌ఏ వచ్చే వాటా చాలా తక్కువ. నల్గొండ నీటి ఫ్లోరైడ్ సమస్యను చూసిన తెలుగు పాఠకులు ఇక్కడ ఒకటి గమనించాలి. టీఎఫ్‌ఏ ఆ ఫ్లోరైడ్ కాదు. పటికతో ఫ్లోరైడ్‌ను పట్టే నల్గొండ పద్ధతి దీనికి పనికిరాదు. ఆర్‌ఓ లాంటి ఖరీదైన దారులే ఉన్నాయి. 2023లో ఐదు యూరప్ దేశాలు ఎన్నటికీ చెదరని ఫ్లోరిన్ రసాయనాల మీద కలిసి ప్రతిపాదించిన ఆంక్షల్లో హెచ్‌ఎఫ్‌ఓలూ ఉన్నాయి. అదే ఏడాది వచ్చిన ఒక ప్రయోగశాల అధ్యయనం, కొన్ని హెచ్‌ఎఫ్‌ఓలు ఓజోన్‌తో చర్య జరిపితే కొద్దిమేర హెచ్‌ఎఫ్‌సీ-23 పుడుతుందని చూపింది. ఓజోన్ దారి గాలిలో చిన్నదే. కానీ వేడెక్కించే విలువ 12,400 ఉన్నచోట చిన్నదాన్నీ లెక్కలో ఉంచాల్సిందే.

ఈ అన్నింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, కొత్తగా పెట్టుబడి పెట్టేవాళ్లకు 240ఎఫ్‌ఏ కొమ్మ మీది ఉమ్మడి ఉత్పత్తి మెరుగైన పందెం అనిపిస్తుంది. ప్రొపేన్, కార్బన్ డయాక్సైడ్, అమ్మోనియా లాంటి సహజ గ్యాసులు సరిపోయే చోట వాటినే వాడటం ఇంకా మంచిది. మంటంటుకునే గుణం వల్లనో, విషం వల్లనో, పీడనం వల్లనో అవి పనికిరాని చోట్లు మాత్రం మిగిలే ఉంటాయి.

మన దగ్గర

భారతదేశంలో హెచ్‌ఎఫ్‌ఓ తయారీ గుజరాత్‌లోని దహేజ్ దగ్గర జరుగుతోంది. అమెరికా కంపెనీ హనీవెల్ కోసం నవీన్ ఫ్లోరిన్ అక్కడ యూనిట్ కట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం చివరి మజిలీ ఉంది. తిరుపతి జిల్లా శ్రీసిటీలో డైకిన్, బ్లూస్టార్ వంటి కంపెనీలు ఏసీలు తయారుచేస్తున్నాయి. ఆ ఏసీలు ప్రధానంగా ఆర్-32తో నడుస్తున్నా, మున్ముందు తక్కువ విలువ ఉన్న మిశ్రమాలకు మారక తప్పదు. అమెరికాలో ఇళ్ల ఏసీల్లోకి వచ్చిన ఆర్-454బీ అలాంటిదే. మూడింట రెండు వంతులకు కాస్త పైగా ఆర్-32, మిగతాది 1234వైఎఫ్. మే నెలలో నెల్లూరు, రామగుండం వంటి చోట్ల 45 డిగ్రీలు దాటే ఎండలో ఏసీ విలాసం కాదని ఇక్కడి వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ ఏసీలోకి వచ్చే గ్యాసు ఏ ఫ్యాక్టరీలో, ఏ లెక్కతో తయారైందో అడిగే హక్కు కూడా వాళ్లకు ఉంది.

కిగాలీ సవరణ ప్రకారం భారత్‌కు ప్రాతిపదిక 2024, 2025, 2026 సంవత్సరాల హెచ్‌ఎఫ్‌సీ సగటు, దానికి పాత హెచ్‌సీఎఫ్‌సీ (ఆర్-22 లాంటి గ్యాసుల) ప్రాతిపదికలో 65 శాతం కలిపి. 2028లో వాడకం అక్కడ ఆగాలి, 2032కి 10 శాతం తగ్గాలి, 2047కి 85 శాతం. ఫ్యాక్టరీలు ఒకసారి కడితే ఇరవై ముప్పై ఏళ్లు నడుస్తాయి కాబట్టి 2047లో ఉండబోయే ఫ్యాక్టరీల్లో చాలా వాటి నిర్ణయం ఈ కొద్ది ఏళ్లలోనే జరుగుతుంది. పర్యావరణ అనుమతి ఇచ్చేటప్పుడు సరుకు పేరు, దాని వేడెక్కించే విలువ చూసి ఊరుకోకుండా, ఆవరణ మొత్తం కార్బన్ టెట్రాక్లోరైడ్ నిల్వ-వాడకం లెక్క, హైడ్రోజన్ క్లోరైడ్ ఎక్కడికి వెళ్తుందన్న వివరం, 245ఎఫ్‌ఏ ఎంత అమ్మారు, ఎంత మార్చారన్న అంకె ఏటా బయటపెట్టాలని షరతు పెట్టడం ఇప్పుడే చేయాల్సిన పని. వాటిని సరిచూడటానికి ఫ్యాక్టరీ కంచె బయట గాలిని కొలిచే పరికరాలు ఉండాలి. 2018 హెచ్‌ఎఫ్‌సీ-23 అంకెను బయటపెట్టింది కంపెనీల నివేదికలు కాదు, గాలి నమూనాలే.